కోడిని కొనేముందు దాని గుణం చూడండి: హైదరాబాద్ ఇళ్లలో పెరటి కోళ్లు

మా ఇంట్లో కోళ్లు ఒక గులాబీ రంగు పిల్లతో మొదలయ్యాయి. నాగోల్‌లో మా గల్లీకి సైకిల్ మీద గంప పెట్టుకుని వచ్చినతను అమ్మాడు, మా చిన్నది ఏడ్చి కొనిపించింది. నెల తిరిగేసరికి ఆ రంగంతా పోయి తెల్ల ఈకలొచ్చాయి. నాలుగు నెలలకు కూత మొదలైంది. గుడ్ల ఫారాలకు పెట్టలే కావాలి కాబట్టి హ్యాచరీలో పెట్టపిల్లల్ని ఏరుకున్నాక మిగిలిన మగపిల్లలకు రంగు పూసి ఇలా వీధుల్లో అమ్ముతారని నాకు అప్పటికి తెలియదు. మా తెల్ల పుంజు లెగ్‌హార్న్ రకం. పట్టుకోబోతే ప్రహరీ దూకేది, పక్కింటి సన్‌షేడ్ ఎక్కి కూర్చునేది. పక్కింటి ఆంటీ కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు గేటు దగ్గరే నన్ను ఆపింది. "ఏం కోడిని తెచ్చినవమ్మా, రాత్రి రెండున్నరకే కూస్తది. దానికి టైం తెల్వదా?"

ఏ కోడి ఎన్ని గుడ్లు పెడుతుందో అందరూ చెబుతారు. అది చేతికి చిక్కుతుందా, చిన్నపిల్లల మీదికి వస్తుందా, పక్క కోడిని బతకనిస్తుందా అంటే చెప్పేవాళ్లు తక్కువ. పల్లెలో ఇది పెద్ద విషయం కాదు, గోడ దూకినా సాయంత్రానికి గూటికొస్తుంది. రెండు వందల గజాల ఇంట్లో, గోడకు గోడ ఆనుకున్న చోట మాత్రం గుణం కుదరని కోడి ఆరునెలలు కూడా నిలవదు. ఈ ఎనిమిదేళ్లలో నేను తెచ్చినవి, పంచేసినవి, ఇంకా ఉన్నవి అన్నీ చూశాక రాస్తున్నాను.

మొదటి పని: మీ ఇంటి లెక్క వేసుకోండి

కోళ్లకంటే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఎంత చోటుంది, ఇంట్లో ఎవరున్నారు, గోడ అవతల ఎవరున్నారు.

చోటు సంగతి: రాత్రి పడుకునే గూట్లో ఒక్కో కోడికి 3 నుంచి 4 చదరపు అడుగులు, పగలు తిరగడానికి ఇంకో 8 నుంచి 10 అడుగులు ఉంటే గొడవలు తగ్గుతాయి. ఇరుకులో ఎంత నెమ్మదైన కోడైనా పక్కదాని ఈకలు పీకడం మొదలుపెడుతుంది. డాబా మీద పెంచేట్టయితే ఎగిరే జాతులు వద్దు. చుట్టూ వలకట్టినా, తలుపు తీసిన ఒక్క క్షణంలో పిట్టగోడ ఎక్కేస్తాయి.

ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే పుంజు ఆలోచనే పెట్టుకోకండి. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, కాకపోతే అవి పిల్లలవ్వవు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది అనవసరంగా పుంజును తెచ్చుకుని పక్కింటివాళ్లతో మాటలు పడుతున్నారో! అపార్ట్‌మెంట్ అయితే కోళ్లు తెచ్చాక కాదు, తేకముందే అసోసియేషన్‌ను అడగండి.

రెండో పని: జాతుల గుణాలు తెలుసుకోండి

వనరాజ. కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఇది మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైన జాతి. మాంసానికీ గుడ్లకూ పనికొచ్చేలా చేశారు, అందుకే ఒళ్లు బరువు. ఆ బరువే దాని గుణం. ఎగరదు, తొందరపడదు, నూకల గిన్నె శబ్దం వింటే చాలు ఊగుతూ కాళ్ల దగ్గరకు వస్తుంది. పెరట్లో ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. అయితే ఆ నెమ్మదితనమే దానికి శత్రువు కూడా. కుక్క వచ్చినా పిల్లి వచ్చినా పరుగెత్తలేదు, కాబట్టి చుట్టూ గట్టి జాలీ కావాలి. మే నెల ఎండకు కూడా ముందుగా వగర్చేది ఇదే. నీడలో నీళ్లపళ్లెం రెండుచోట్ల పెట్టండి.

గ్రామప్రియ. అక్కడిదే, కానీ గుడ్ల కోసం చేసింది. ఒళ్లు తేలిక, కాళ్లు పొడవు. వనరాజకంటే చురుకు, ప్రమాదం వస్తే తప్పించుకుంటుంది. ఏడాదికి 160 నుంచి 180 గోధుమరంగు గుడ్లు. మనిషికి అలవాటు పడుతుంది గానీ ఒళ్లో కూర్చునే రకం కాదు. దాని పనుల్లో అది ఉంటుంది. పొదగాలన్న ఆశ దీనికీ వనరాజకూ చాలా తక్కువ, అందువల్ల పిల్లల్ని చేసుకోవాలంటే వేరే కోడి కింద గుడ్లు పెట్టాల్సిందే. శ్రీనిధి అనే జాతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. వెటర్నరీ యూనివర్సిటీ వైపు నుంచి వచ్చిన రాజశ్రీ కూడా పెరటికి బాగానే సర్దుకుంటుంది.

అసీల్. మన పందెం కోడి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంకే కోడి మీదా లేవు. "అమ్మో, అసీలా, మనిషిని చీల్చేస్తుంది" అంటారు. నిజానికి మనిషి చేతుల్లో ఇంత సౌమ్యంగా ఉండే పుంజు ఇంకోటి లేదు. చంకలో పెట్టుకుంటే కళ్లు మూసుకుని నిద్రపోతుంది. దాని కోపమంతా సాటి కోడి మీదే. రెండు అసీల్ పుంజులు ఒక పెరట్లో కుదరవు, అందులో వాదనే లేదు. పెట్టలు కూడా ఒకదాన్నొకటి రక్తాలొచ్చేలా పొడుచుకుంటాయి. వారాల వయసు పిల్లలే ఎదురెదురు నిలబడి మెడ ఈకలు నిక్కపొడుస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, మూడో నెల దాటితే వేరు చేయక తప్పదు.

గుడ్లు ఏడాదికి 50, 60 వస్తే గొప్ప. కానీ పొదగడంలో, పిల్లల్ని కాపాడడంలో అసీల్ పెట్టకు సాటి లేదు. మా పెట్ట ఒకటి రెక్కలు విప్పి పిల్లి ముఖానికి ఎగరడం నా కళ్లతో చూశాను. ఆ పిల్లి మళ్లీ మా గేటు లోపలికి రాలేదు. ఇక కాకి, డేగ, నెమలి అని ఈకల రంగును బట్టి పేర్లుంటాయి కదా, ఏ రంగుకు ఎంత పౌరుషమో గోదావరి జిల్లాల వాళ్లు గంటలు గంటలు చెబుతారు. వినడానికి బాగుంటుంది. నా అనుభవంలో మాత్రం రంగును చూసి గుణం చెప్పిన వాళ్లెవరి లెక్కా నిలబడలేదు. కోడి పందేలు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. అసీల్‌ను ఇంట్లో పెంచుకోవడం నేరం కాదు. రెండూ కలిపి భయపడకండి.

కడక్‌నాథ్. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు నల్లకోడి, 2018లో జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందినదన్న గుర్తింపు వచ్చింది. ధర చూసి, నలుపు చూసి మోజుపడి కొంటారు. ఇది అడవి కోడి లాంటిది. ఆకు కదిలినా తల ఎత్తుతుంది, చెయ్యి చాస్తే ఎగిరిపోతుంది, రాత్రయితే గూట్లోకంటే చెట్టుకొమ్మ మీదే పడుకోవాలని చూస్తుంది. మీద పడి పొడిచే గుణం తక్కువ, భయం ఎక్కువ. ఏడాదికి 80 నుంచి 100 గుడ్లు. శంషాబాద్ అవతల తోట ఉన్నవాళ్లకు హాయిగా సరిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో డాబా మీదైతే ఆ కోడికీ మీకూ ఇద్దరికీ టెన్షనే.

తెల్ల లెగ్‌హార్న్. ఫారాల్లో గుడ్ల కోసం పెంచే రకం, ఇటలీ మూలం. గుడ్లలో దీనికి ఎదురులేదు. గుణంలో పిరికి, గడబిడ. ఒకటి బెదిరితే అన్నీ కలిసి మూలకు పోయి ఒకదాని మీద ఒకటి పడతాయి, కింద ఉన్నది ఊపిరాడక చచ్చిపోవచ్చు. ఫారం వాళ్లు తీసేసిన పెట్టల్ని చవగ్గా తెచ్చుకునేవాళ్లున్నారు. వాటికి మట్టి తవ్వడం, కర్రెక్కి పడుకోవడం కూడా కొత్తే. నెల రోజులు ఓపిక పట్టాలి.

రోడ్ ఐలాండ్ రెడ్. అమెరికా జాతి, ఎర్ర ఈకలు, గోధుమరంగు గుడ్లు. పెట్టలు ధైర్యంగా ఉంటాయి, మనుషుల వెంటే తిరుగుతాయి, కాస్త పెత్తనం చేస్తాయి. కొత్త కోళ్లను తిండి దగ్గరకు రానివ్వవు. పుంజు విషయంలో జాగ్రత్త. మనుషుల మీదికి వచ్చేవి వీటిలో తరచుగా కనిపిస్తాయి. మా ఎర్ర పుంజు సంగతి చివర్లో చెబుతాను.

సిల్కీ. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో అలంకారానికి పెంచే రకాల కోళ్ల మధ్య దూదిబంతిలా కూర్చుని ఉంటుంది. దీని చర్మమూ నలుపే కావడంతో తెల్ల కడక్‌నాథ్ అని అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఈకలు పట్టులా ఉంటే అది సిల్కీ. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే సాధువైన కోడి దొరకదు, ఎగరలేదు, ఊరికే పొదుగుకు వస్తుంది, అంటే గుడ్లు పొదగాలని గూట్లో కూర్చుండిపోతుంది. కానీ మిగతా కోళ్లు దీన్ని తొక్కేస్తాయి, వర్షంలో తడిస్తే ఆ ఈకలు ఆరవు. విడిగా పెంచుకుంటేనే.

నాటు కోడి అని అమ్మేది ఒక జాతి కాదు, ఊరి కోళ్ల కలగలుపు. గుణం ఇలా ఉంటుందని ముందే చెప్పలేం, తల్లిని చూసి తీసుకోవడమే. మెడ మీద ఈకలు లేని రకం దొరికితే వదులుకోకండి, మన ఎండలకు బాగా తట్టుకుంటుంది. గినీ కోడి మాత్రం నగరంలో వద్దు. దాని అరుపు ముందు పుంజు కూత జోలపాట.

మూడో పని: కొనేచోట పరీక్షించండి

జాతి సగమే చెబుతుంది. ఒకే ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకటి ధైర్యంగా, ఒకటి పిరికిగా ఉంటాయి. అందుకని ఒక్కరోజు వయసు పిల్లల్ని కాకుండా 8, 10 వారాలు పెరిగిన పిల్లల్ని కొనండి. ధర ఎక్కువే, కానీ ఆ వయసుకు పెట్టా పుంజా తెలుస్తుంది. రోజు పిల్లలు పది కొంటే సగం పుంజులవుతాయి.

గూడు దగ్గర చప్పుడు లేకుండా రెండు నిమిషాలు నిలబడండి. అమ్మే అతను "ఇదిగోనమ్మా, ఇది తీస్కో" అని చెయ్యి లోపల పెట్టకముందే చూడాలి. మొదట అన్నీ దూరం జరుగుతాయి. కాసేపటికి ఒకటి రెండు తల పక్కకు వంచి మిమ్మల్ని ఒంటికంటితో చూస్తూ ముందుకొస్తాయి. వాటిని గుర్తుపెట్టుకోండి. మూలనక్కి కదలనివాటిని వదిలేయండి, అవి పిరికివి కావచ్చు, జబ్బువీ కావచ్చు.

తర్వాత నచ్చినదాన్ని చేతిలోకి తీసుకోండి. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద చెయ్యి ఆనించి, పది పదిహేను సెకన్లు ఉంచి వదిలేయండి. కోడి చచ్చినట్టు కదలకుండా ఉండిపోతుంది. డేగ నోటికి చిక్కినప్పుడు కదలకుండా ఉండడం దాని సహజ రక్షణ. భయం తక్కువున్నది కొద్ది సెకన్లలోనే తన్నుకుని లేస్తుంది, భయం ఎక్కువున్నది నిమిషాల తరబడి అలాగే పడి ఉంటుంది. కోళ్ల భయాన్ని కొలవడానికి పరిశోధకులు వాడే పద్ధతే ఇది. ఒక్కసారి చూస్తే చాలు, అస్తమానం చేసి దాన్ని హింసపెట్టకండి.

నాలుగో పని: మచ్చిక చేసుకోవడం

తెచ్చిన మొదటి రోజు ముట్టుకోవద్దు. గూడు, నీళ్లు, మేత చూపించి వదిలేయండి. రెండో రోజు నుంచి రోజూ ఒకే వేళకు, ఒకే గిన్నెతో, ఒకే పిలుపుతో వెళ్లండి. మా అమ్మ నల్గొండ పక్క పల్లెలో పెరిగింది, "బో బో బో" అని పిలుస్తుంది. అదే పిలుపు మా కోళ్లకు వచ్చింది. జొన్నలు కాసిన్ని అరచేతిలో పోసి నేల మీద కూర్చోండి. నిలబడితే కోడికి మనం కొండంత. పైనుంచి వచ్చే చెయ్యి గద్ద లాగా కనిపిస్తుంది, అందుకే ఎప్పుడూ పక్కనుంచి, కిందనుంచి చెయ్యి పెట్టాలి. వనరాజ నాలుగు రోజుల్లో చేతిలో తింటుంది. గ్రామప్రియకు రెండు వారాలు పడుతుంది. కడక్‌నాథ్ మూడు అడుగుల దూరంలో ఆగి మెడ సాచి ఒక్క గింజ ఎత్తుకుపోతే అదే మీ విజయం అనుకోండి.

ఎత్తుకోవాలంటే సందె వేళ, కర్రెక్కి కూర్చున్నాక ఎత్తుకోండి. చీకట్లో కోడికి చూపు ఆనదు, గొడవ చేయదు. రెండు రెక్కలూ మీ చేతుల మధ్య మూసి పట్టుకుంటే కొట్టుకోదు. తర్వాత మీరూ పిల్లలూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముద్దులు పెట్టుకోనివ్వకండి.

అయిదో పని: కొత్తవాటిని కలపడం

కోళ్లలో పెద్దరికం వరస ఉంటుంది. ఎవరు ఎవర్ని పొడవాలి, ఎవరు ముందు తినాలి అన్నది ఖాయంగా ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లో ఈ వరసను గమనించి రాశాడు, మన అమ్మమ్మలకు ముందే తెలుసు. కొత్త కోడి రాగానే ఆ వరస చెదిరిపోతుంది.

ముందు కనీసం రెండు వారాలు, వీలైతే నెల రోజులు వేరుగా ఉంచండి. కొక్కెర తెగులు లాంటిది ఏదైనా ఉంటే అప్పటికి బయటపడుతుంది. టీకాలు వేశారో లేదో అమ్మిన అతన్ని అడిగి తెలుసుకోండి. తర్వాత వారం రోజులు జాలీ అవతల, ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. కలిపే రోజు రాత్రి పాతవి పడుకున్నాక పక్కన కర్ర మీద పెట్టండి. తెల్లారాక పొడుచుకుంటాయి, కంగారుపడకండి. మేత గిన్నెలు రెండు, నీళ్లు రెండు చోట్ల పెడితే బలహీనమైనది ఆకలితో ఉండదు. ఒంటరి కోడిని ఎప్పుడూ కలపకండి, కనీసం రెండు ఉండాలి. దెబ్బలన్నీ ఒక్కదానికే పడితే బతకదు. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయాలి. ఎర్రగా కనిపించిన చోట మిగతావీ వచ్చి పొడుస్తాయి.

వనరాజతో అసీల్‌ను కలపకండి. నేను కలిపాను. వనరాజ తిరగబడదు, పారిపోదు, అలా నిలబడి దెబ్బలు తింటుంది. రెండు పెట్టల తలల మీద చర్మం ఊడేదాకా నాకు అర్థం కాలేదు.

ఆరో పని: పొదుగుకు వచ్చిన పెట్ట

నిన్నటిదాకా చేతిలో తిన్న పెట్ట ఒకరోజు గూట్లో పరుచుకుని కూర్చుని, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, పొడుస్తుంది. అది గుణం మారడం కాదు, పొదుగుకు వచ్చింది. పుంజుతో కలిసిన గుడ్లు ఉంటే 10, 12 పెట్టి 21 రోజులు వదిలేయండి. లేకపోతే మాన్పించాలి. నీళ్లలో ముంచడం ఊళ్లలో చేస్తారు. నాకది నచ్చదు, కోడి బెదరడం తప్ప పెద్ద ఫలితమూ ఉండదు. అడుగున జాలీ ఉన్న పంజరంలో, గాలి తగిలేలా కాస్త ఎత్తున, మేత, నీళ్లు ఇచ్చి మూడు నాలుగు రోజులు ఉంచండి. కడుపు కింద చల్లగాలి ఆడితే పొదుగు దిగిపోతుంది.

ఏడో పని: పండగలకు సిద్ధపడండి

దీపావళి రాత్రి పిరికి జాతులకు గండం. గూటికి మూడు వైపులా గోనెపట్టాలు కట్టండి, సందె పడేముందే లోపలికి తోలి తలుపు వేసేయండి. లెగ్‌హార్న్‌లు ఉంటే మూలల్లో అట్టముక్కలు అడ్డుపెట్టండి, ఒకదాని మీద ఒకటి పడకుండా. సంక్రాంతిది ఇంకో గోల. హైదరాబాద్ ఆకాశమంతా పతంగులే. పతంగి నీడ పెరట్లో పడగానే పుంజు సన్నగా, సాగదీసి ఒక కూత పెడుతుంది. గద్ద వచ్చిందని చెప్పడం అది. పెట్టలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, మేత ముట్టవు. ఆ మూడు రోజులూ పైన పాత చీర కప్పితే సరిపోతుంది. తెగిన మాంజా రోజూ ఏరేయండి, కాలికి చుట్టుకుంటే కోసేస్తుంది.

ఎనిమిదో పని: పుంజు తిరగబడితే

మా ఎర్ర పుంజు ఏడాది వయసులో మొదలుపెట్టింది. ముందు సైగలు చేస్తుంది, గమనించాలి. ఒక రెక్క నేలకు దించి పక్కపక్కకు అడుగులేస్తుంది. మెడ ఈకలు గొడుగులా విప్పుతుంది. ఏమీ లేని నేలను మీకేసి చూస్తూ పొడుస్తుంది. ఆ దశలోనే మీరు వెనక్కి తగ్గకూడదు, పరుగెత్తకూడదు. నెమ్మదిగా దాని వైపే నడవండి, అది పక్కకు తప్పుకునేదాకా. తన్నడం, కర్రతో కొట్టడం చేస్తే మీరు కూడా పోటీకొచ్చిన ఇంకో పుంజే అనుకుంటుంది. వీలైతే ఎత్తి చంకలో పెట్టుకుని, కాళ్లు పట్టుకుని, అయిదు పది నిమిషాలు మీ పని మీరు చేసుకుంటూ తిరగండి. పెట్టల ముందు ఇలా రోజూ జరిగితే చాలా పుంజులు దారికొస్తాయి.

మాది రాలేదు. పాలబ్బాయి పిక్క మీద కాలిముల్లుతో గీసింది, మా చిన్నది పెరట్లోకి వెళ్లడమే మానేసింది. పిల్లల మీదికి వచ్చే పుంజును ఇంక బాగుచేయాలని చూడకూడదు. ముఖం ఎత్తులో ఎగురుతుంది, కన్ను పోతే తెచ్చివ్వలేం. అలాంటిదాన్ని ఇచ్చేటప్పుడు తీసుకునేవాళ్లను రెండు మాటలు అడగండి. పందేనికి వాడరు కదా, చుట్టుపక్కల చిన్నపిల్లలు లేరు కదా అని. మేం చౌటుప్పల్ దగ్గర మామిడితోట ఉన్న మా మేనమామకిచ్చాం. నెల తర్వాత ఫోన్ చేస్తే, "మీ పుంజు మా కుక్కను తరుముతుందే, ముంగిస మాత్రం ఇటు రావట్లేదు" అన్నాడు. పక్కింటి ఆంటీకి ఆ వారమే ఆరు గుడ్లు పంపాను.